ముందు మందు, తర్వాత గుండు

ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్నే నేను మందు సరంజామా సర్దుకుని బయల్దేరతానని ఒహాయోలో మా కాలనీ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఏ మందో తెలియని రోజుల్లో మా ఆవిడ మీద జాలి పడేవారు. తెలిశాక ఆ జాలి రెట్టింపయింది. "తాగుబోతయితే కనీసం ఇంటిపట్టున ఉండేవాడు కదమ్మా" అని ఓ పెద్దావిడ ఓదార్చింది కూడా.

నేను వెళ్లేది గురి పందేనికి. అదీ మామూలు తుపాకులతో కాదు, గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చే పాతకాలపు తుపాకులతో. మన పేపర్లలో నాటు తుపాకి, భర్మార్ తుపాకి అని చదువుతుంటామే, దీనికి అది బీద చుట్టం. అక్కడ పట్టుబడితే కేసు, ఇక్కడ పట్టుకుంటే క్లబ్బు సభ్యత్వం.

నన్ను ఇందులోకి దింపింది పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటాయి. నలభై ఏళ్లుగా ఇదే పని. ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అని ఓ పల్లెటూరుంది. 1933లో పుట్టిన ఈ తుపాకుల జాతీయ సంఘానికి అదే పుణ్యక్షేత్రం. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి అక్కడ పెద్ద పోటీలు జరుగుతాయి. స్నేహమనే ఊరికి జనం తుపాకులతో వెళ్లడమేమిటని అడిగితే, "తుపాకులు లేకుండా వెళ్తే ఎవరూ మాట్లాడరు" అన్నాడాయన.

"అయిదంటే అయిదు గుళ్లు, వచ్చి చూడు" అని పిలిచాడు. అయిదు గుళ్లంటే అయిదు నిమిషాలనుకున్నాను. పెసరట్ల వేళకి వచ్చేస్తానని ఇంట్లో చెప్పాను. వచ్చేసరికి మూడయింది. పెసరట్టు అప్పడమైంది.

అక్కడికెళ్లగానే నాకు పిట్టలదొర గుర్తొచ్చాడు. చిన్నప్పుడు మా వీధిలోకి ఖాకీ నిక్కరూ, దొరటోపీ, భుజాన కర్ర తుపాకీతో వచ్చి కోతలు కోసేవాడే, ఆ తుపాకి రాముడు. ఇక్కడ అలాంటివాళ్లు పాతికమంది! లేడితోలు చొక్కాలు, నక్కతోక టోపీలు, మెళ్లో ఆవుకొమ్ము నిండా మందు. కోతలు కూడా అవే. తేడా ఒక్కటే, వీళ్ల తుపాకులు పేలతాయి.

పేలడానికి ముందు జరిగే తతంగం సత్యనారాయణ వ్రతమంత ఉంటుంది. కొమ్ములోని మందు నేరుగా గొట్టంలో పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలుంటే కొమ్ముతో సహా చెయ్యి ఎగిరిపోతుంది. అందుకని ఓ చిన్న ఇత్తడి కొలతలోకి వంచుకుని పోయాలి. నా కొలత డెబ్బై గ్రెయిన్లు, అంటే నాలుగున్నర గ్రాములు. తర్వాత గొట్టం మూతి మీద గుడ్డపేలిక పరిచి, దాని మీద సీసపు గుండు పెట్టి, రామ్‌రాడ్‌తో అడుగంటా దిగేదాకా నెట్టాలి. ఆ కడ్డీ పేరులోనే రాముడున్నాడు కాబట్టి నెట్టేటప్పుడు తలుచుకోవడం సులువు.

గుడ్డపేలిక తడిగా ఉండాలి. తడపడానికి సీసాల్లో నూనెలవీ అమ్ముతారు గానీ, పెద్దాయన సంప్రదాయవాది. పేలికని నోట్లో వేసుకుని నములుతూ, కబుర్లు చెబుతూ, అవసరమైనప్పుడు తీసి వాడతాడు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి నీళ్లు తాగే మా నాయనమ్మ ఈ దృశ్యం చూసుంటే, నన్ను గుమ్మం బయటే నిలబెట్టి నెత్తిన నాలుగు బిందెలు కుమ్మరించేది. నేను ఎంగిలి విషయంలో రాజీపడలేక నూనె సీసా కొనుక్కున్నాను. క్లబ్బులో నన్ను డబ్బున్నవాడనుకుంటున్నారు.

గుండు బరువు పదకొండున్నర గ్రాములు. దాదాపు తులం. ఈ సంగతి ఇంట్లో చెప్పడం నేను చేసిన మొదటి పొరపాటు. "పెళ్లిరోజుకి తులం గొలుసడిగితే రేటు చూశావా అన్నారు. నెలకి ఎన్ని తులాలు మట్టిగోడలోకి కొడుతున్నారు?" అంది. సీసానికీ బంగారానికీ ఉన్న తేడా గురించి నేనిచ్చిన వివరణ నిలబడలేదు.

ఇక నిప్పు సంగతి. పాత తుపాకుల్లో చెకుముకి రాయి ఉక్కుని గీరితే రవ్వలు రాలి, పక్కనున్న చిన్న పళ్లెంలోని మందు భగ్గుమని, ఆ మంట రంధ్రంలోంచి లోపలికి పోయి అసలు మందుని అంటిస్తుంది. స్కాట్లాండులో ఫోర్సైత్ అనే చర్చి పాస్టరుగారికి బాతుల వేట ఇష్టం. పళ్లెంలో మంట చూసి బాతులు ముందే ఎగిరిపోతున్నాయని ఆయనకి కడుపుమంట. దెబ్బకి పేలే మందుతో తుపాకిని అంటించే ఉపాయం కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. అందులోంచే తర్వాత చిన్న రాగి టోపీ వచ్చింది. ఇప్పుడు తుపాకికి టోపీ పెడతాం. మొదట టోపీ పడింది మాత్రం బాతులకే.

పేల్చాక మాత్రం స్వర్గం. తెల్లటి పొగ కమ్మేసి గురిపలక కనబడదు. తగిలిందో లేదో తెలియని ఆ నాలుగు క్షణాలూ అందరూ వీరులే. ఆ వాసన ముక్కుకి తగలగానే నేను ఒహాయోలో ఉండను. సురేకారం, గంధకం, బొగ్గు. దీపావళికి వారం ముందు మా తాతగారి పెరట్లో బాబాయి చాటున కూర్చుని సిసింద్రీలు కూరిన వాసనే అది. అమెరికావాళ్లు ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డప్పుడు ఇంగ్లీషువాళ్ల మందులోకి సురేకారం ఎక్కువగా మన బీహారు నుంచే వెళ్లేదని పెద్దాయనకి చెప్పాను. ఆయన కాసేపాలోచించి, "అయితే మా ముత్తాతల మీద పేలింది మీ సరుకన్నమాట" అని నా కాఫీ డబ్బులు నాచేతే కట్టించాడు.

ఆ కబుర్లే నా కొంప ముంచాయి. మూడో నెల పందెం. యాభై గజాల దూరం, అయిదు గుళ్లు, గుండుకి పది చొప్పున యాభై మార్కులు. మూడు గుళ్లకి ఇరవై రెండు వచ్చాయి. నాలుగోసారి పేలిక పెట్టాను, గుండు దించాను, టోపీ పెట్టాను, గురి చూశాను, మీట నొక్కాను. 'టప్' అంది. అంతే. నిప్పు ఆలస్యంగా అందుకుంటుందేమోనని, నియమం ప్రకారం గొట్టం గురివైపే ఉంచి నిమిషంపాటు కదలకుండా నిలబడ్డాను. పొగ లేదు, మోత లేదు. వెనకనుంచి పెద్దాయన గొంతు మెల్లగా వినిపించింది.

"మందు వేశావా?"

వెయ్యలేదు. పాతికమందీ పేలారు, నా తుపాకి తప్ప.

గ్యాసుతో ఊదే చిన్న పనిముట్టు తెచ్చి 'ఫుస్' అనిపిస్తే గుండు బఠాణీలా బయటికొచ్చింది. మా క్లబ్బు ఆచారం ప్రకారం, మందు మరిచినవాడు మరొకడు మరిచేదాకా సీసపు గుండు తాడుకి కట్టి మెళ్లో వేసుకుని రావాలి. సరిగ్గా అప్పుడే ఇంటినుంచి ఫోను.

"ఎందుకంత ఆలస్యం?"

"మందు మరిచిపోయాను."

"బీపీ మందేనా? ఇక్కడే ఉంది, బల్ల మీద."

అంటే ఆ రోజు రెండు మందులూ మరిచానన్నమాట. ఇంటికెళ్లాక నా మెడ చూసి ఆవిడ ఒకే మాటంది: "తులం గొలుసు వచ్చింది. మెడే మారింది."

ఆ రాత్రి తుపాకిని వేడి సబ్బునీళ్లతో కడుగుతుంటే తట్టింది. మన భాషలో దీన్ని మందుగుండు అంటాం. ముందు మందు, తర్వాత గుండు. ఎక్కించే వరస మొత్తం ఒక్క మాటలో పెట్టి పూర్వులు చేతికిస్తే, పుట్టుకతో తెలుగువాణ్ణయిన నేను వరస తప్పాను. వెంటనే సామాను పెట్టె మూత మీద పెద్దక్షరాలతో 'మందుగుండు' అని రాసుకున్నాను. మళ్లీ మరవలేదు.

పెద్దాయన అదేమిటని అడిగి, అర్థం చెప్పించుకుని, ముచ్చటపడి తన పెట్టె మీద కూడా రాయించుకున్నాడు. పోయిన నెల సీసపు గొలుసు ఆయన మెళ్లోకి మారింది. పెట్టె మీద స్పష్టంగానే రాసుంది. ఆయనకి తెలుగు చదవడం రాదు.