ఆజ్ఞలు పది, మినహాయింపు ఒకటి

ఎక్కడ ఏ దుర్మార్గము జరిగినను, నిందితుని పేరైనను సరిగా తెలియకమునుపే "ఎన్‌కౌంటర్ చేసి పారెయ్యండి" యని వాట్సాప్ స్టేటసు పెట్టి, దాని క్రిందనే ఆనాటి వాగ్దాన వచనమును అతికించు నూతన భక్తి మన విజయనగరము, శ్రీకాకుళము సంఘములయందును మిక్కిలి ప్రబలినది. నరహత్య కూడదన్న ఆజ్ఞ ఆర్‌సీఎం (రోమను కాథలిక్కు) వారికి అయిదవది, బాప్టిస్టులకు ఆరవది. వరుసలో భేదమున్నను, పోలీసులు చేసినచో చెల్లునను మినహాయింపు విషయమున ఉభయులకును సంపూర్ణమైన ఐకమత్యము కుదిరినది. పెద్దలు ఎన్నడును సాధింపలేని సంఘైక్యమును తుపాకి సాధించినది గదా!

ఈ మినహాయింపు పూర్వమే అమలులో నున్నచో నేమై యుండెడిదో యని నాకొక చింత. ఆజ్ఞల పలకలను మోసికొని వచ్చిన మోషే, అంతకు ఎన్నియో యేండ్లకు ముందే ఒక ఐగుప్తీయుని చంపి ఇసుకలో పూడ్చి, మిద్యానునకు పరారియైన ముద్దాయి. అచ్చట బావియొద్ద కూర్చున్నవానిని ఒక ప్రత్యేక బృందము పట్టుకొని, తెల్లవారుజామున "సీను రీకన్‌స్ట్రక్షను"కై ఆ ఇసుక దిబ్బలకు తోడ్కొనిపోవును, అతడు చేతికఱ్ఱతో తిరుగబడును, ఆత్మరక్షణార్థము కాల్పులు జరుగును, పంచనామా పూర్తియగును. ఇక సీనాయి కొండ నెవడెక్కును?

స్తెఫనును రాళ్లతో కొట్టి చంపినవారి వస్త్రములకు కావలి యున్న సౌలు, పిమ్మటి పౌలు, దమస్కు మార్గమున నేలకూలుట సత్యమే. మన స్టేటసు వీరుల పాలబడినచో మరల లేచెడివాడు కాడు, రోమా పత్రికయు నుండెడిది కాదు. పాలకుల ఖడ్గమునకు సమర్థనగా ఈ వీరులు తెరచి చూపునది ఆ పత్రిక పదుమూడవ అధ్యాయమునే. దానిని వ్రాసినవాని శిరస్సును అట్టి ఖడ్గమే ఖండించెనని సంప్రదాయము. తమ్ముని చంపిన కయీనును ఎవ్వరును చంపకుండ గురుతు వేసిన దేవునిపై, హంతకునికి రక్షణ కల్పించినందుకు కేసే పెట్టవలెను.

నవ్వు చాలు. 2019 డిసెంబరు 6న హైదరాబాదు చేరువ చటాన్‌పల్లి వంతెనయొద్ద, ఒక అత్యాచార హత్య కేసులో నిందితులైన నలుగురిని కాల్చి చంపిన పోలీసులపై జనులు పూలు చల్లిరి, ఆ ఆదివారము మా గుడిలో, నా ప్రక్క బల్లనుండియే "స్తోత్రం!" అన్న కేక వినబడినది. పోలీసులు చంపవలెనన్న తలంపుతోనే కాల్చిరనియు, చచ్చినవారిలో ముగ్గురు మైనర్లనియు సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన నివేదిక 2022 మేలో బయటపడినప్పుడు, ఆ బల్లనుండి నిట్టూర్పైనను వెలువడలేదు. సిగ్గులేదా మనకు? ఎన్‌కౌంటరనగా నేమో హైదరాబాదు మనకు నేర్పవలెనా? 1970 జూలై 10న బోరి కొండలలో, నక్సలైటు నాయకులుగా మారిన పంతుళ్లు వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము ఎదురుకాల్పులలో మరణించిరన్న ప్రకటన విన్న జిల్లా మనది. ఆ పంతుళ్లు పట్టిన మార్గమును నేను మెచ్చను. ఆ ప్రకటనను నమ్మను.

న్యాయస్థానము విధించు మరణశిక్ష సైతము అంగీకారయోగ్యము కాదని 2018లో పోపు ఫ్రాన్సిస్ సత్యోపదేశమునే సవరించిరి. ఆ వార్త మన ఆర్‌సీఎం సోదరులకు ఇంకను పాలకొండ బస్సులో రావలసియున్నది.

ఇక మా సంఘకాపరియైన అయ్యగారు. చావదగినవాడెవడో తేల్చునది ఎవరని అడిగితిని. "ఊరూవాడా ఒకే మాటనేసినాక మరి కోర్టేటి, బావూ?" అనిరి. శుభశుక్రవారపు ఏడు మాటలలో రెండవది, సిలువపైనున్న దొంగకు పరదైసును వాగ్దానము చేసినది, ఏటేట వారి వంతు. ఈ యేడు దానిని మఱియొకరికి అప్పగింతురేమో చూడవలెను.