గ్రహం ఏదైనా బండలు ఓర్వకల్లువే

అంతరిక్షంలో మంత్రాలు, కత్తియుద్ధాలు, మాట్లాడే బండ్లు కలిపి యానిమేషన్ సిరీస్ తీయాలని మన కర్నూలు, కడప కుర్రకారుకు బుద్ధి పుట్టినట్టుంది. పుట్టక ఏం చేస్తుంది? హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వాళ్ల ఛోటా భీమ్ 2008 నుంచి టీవీలో లడ్లు తింటూనే ఉన్నాడు. బాహుబలికి ఒకటికి రెండు యానిమేషన్ సిరీస్‌లు వచ్చాయి. ‘కల్కి 2898 ఏడీ’ థియేటర్లకు రాకముందే, 2024 మే 31న, ‘బుజ్జి అండ్ భైరవ’ ఫోన్లలోకి దిగింది. మనకేం తక్కువ? బేలం గుహలున్నాయి, గండికోట లోయ ఉంది, ఎండ ఉంది. అందుకే ఈ రంగంలో దిగబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాకు తోచిన నాలుగు మంచి ముక్కలు చెబుతాను. శ్రద్ధగా పాటిస్తే మూడో భాగానికల్లా ఫలితం కనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు, నోటుపుస్తకం కొనొద్దు. స్టూడియోల్లో ‘సిరీస్ బైబిల్’ అని ఒకటి రాస్తారు. ఏ పాత్ర వయసెంత, మచ్చ ఏ చెంప మీద ఉంది, ఏ గ్రహంలో ఏ డబ్బు చెల్లుతుంది, అన్నీ అందులో ఉంటాయి. స్టార్ వార్స్ వాళ్లయితే లీలాండ్ చీ అనే ఆయనకు జీతమిచ్చి మరీ ‘హోలోక్రాన్’ అనే డేటాబేస్ నడిపించారు. తీరా 2014లో ఏం చేశారు? దశాబ్దాలుగా వచ్చిన నవలల్నీ కామిక్సుల్నీ ‘లెజెండ్స్’ అని పేరు పెట్టి అసలు కథలోంచి పక్కకు జరిపారు. అంత రాసుకున్నవాళ్ల గతే అదైతే మనమెందుకు రాసుకోవాలి? మొదటి భాగంలో ఎడమ చెయ్యి తెగిన వీరుడు నాలుగో భాగంలో రెండు చేతులెత్తి దండం పెడితే, భక్తికి అడ్డేముందని అడగండి.

తేదీల లెక్క అసలే వద్దు. నాగ్ అశ్విన్ తన సినిమాకు 2898 అని ఊరికే పెట్టలేదు. మహాభారత కథ క్రీస్తుపూర్వం 3102లో ముగిసిందనుకుని, అక్కడి నుంచి 6000 ఏళ్లు ముందుకు లెక్కకట్టాడు. ఏం లాభం? క్రీస్తుపూర్వానికీ క్రీస్తుశకానికీ నడుమ సున్నా సంవత్సరం లేదు కనుక అది 5999 ఏళ్లే అవుతుందని వేలెత్తి చూపడానికి నాబోటి పనిలేనివాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. మీరు ‘కోటి సంవత్సరాల తరువాత’ అని వేసేయండి. కోటి ఏళ్ల తర్వాత కూడా హీరో జేబులో చార్జింగ్ వైరుంటే ఎవరూ ఏమనరు.

కథ గొలుసుకట్టుగా సాగాలా, ఏ భాగానికా భాగం ముగిసిపోవాలా అన్నది చాలామంది మొదటే తేల్చుకుంటారు. ఢోలక్‌పూర్‌లో ఇన్నేళ్లయినా భీముడికి వయసు రాలేదంటే అది లోపం కాదు, అక్కడి పద్ధతే అది. మీరు మాత్రం తేల్చుకోకండి. సోమవారం చచ్చినవాడు మంగళవారం నవ్వుతూ టిఫిను తినాలి. బుధవారం అతని సంవత్సరీకం జరగాలి.

పూర్వకథ తీసే అదృష్టం దక్కితే మాత్రం వదలొద్దు. ‘బాహుబలి: ది లాస్ట్ లెజెండ్స్’ 2017లో వచ్చింది, ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’ 2024లో వచ్చింది. రెండూ సినిమా కథకంటే ముందు జరిగేవి. పూర్వకథలో ఉన్న చిక్కేమిటంటే, ఎవరు బతుకుతారో చూసేవాడికి ముందే తెలుసు. కట్టప్ప తర్వాతెప్పుడో కత్తి దించాలి గనక అంతదాకా అతనికి ఏమీ కాదని ఓర్వకల్లు మేకలకు కూడా తెలుసు. తెలివితక్కువ రచయిత ఇక్కడ ప్రాణభయాన్ని పక్కనబెట్టి వేరే భయం వెతుక్కుంటాడు. మనిషి బతికాడు సరే, మాట బతికిందా, స్నేహం బతికిందా అని తవ్వుకుంటూ కూర్చుంటాడు. ఆ తవ్వకం మనకెందుకు? ప్రతి భాగం చివరా కట్టప్పలాంటి వాణ్ని కొండ అంచున వేలాడదీసి ‘తరువాయి భాగంలో’ అని వేయండి. జనం ఉలిక్కిపడి తీరతారు.

పూర్వకథలో కొత్త పాత్రను తెచ్చినా అంతే. స్టార్ వార్స్ ‘క్లోన్ వార్స్’ యానిమేషన్‌లో 2008లో అసోకా అనే పిల్లను అనాకిన్‌కు శిష్యురాలిగా పెట్టారు. మరి కథలో ఆ తర్వాత జరిగే, 2005లోనే వచ్చేసిన సినిమాలో ఆ పిల్ల ఊసే లేదే? ఆ ఒక్క ప్రశ్న కోసం ఏళ్ల తరబడి కథ నడిపి, చేయని నేరం ఆమె మీద మోపి, విచారణ పెట్టి, నిర్దోషి అని తేలాక కూడా ఆమే తన గురువుల మఠాన్ని కాదనుకుని మెట్లు దిగి వెళ్లిపోయేలా చేశారు. ఉన్న చిల్లును పూడ్చబోయి సిరీస్ మొత్తానికే పెద్ద ఘట్టాన్ని తెచ్చుకున్నారు. ఎంత శ్రమ! మీరైతే ఆ పిల్ల మేనమామ ఊరికి పోయిందని ఒక ముక్కలో తేల్చేయవచ్చు.

ఇక చోట్లు. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు బండలు చూసే ఉంటారు. 2013 జులైలో బాహుబలి చిత్రీకరణ మొదలైంది అక్కడే. ఆ బండల్ని ఫోటో తీసి ఎరుపు పూస్తే అగ్నిగ్రహం, నీలం పూస్తే మంచుగ్రహం, ఏమీ పూయకపోతే భూమి. బేలం గుహలు 3229 మీటర్ల పొడవున్నాయి, లోపల పాతాళగంగ కూడా ఉంది. అయినా లోపల తిరిగి ఏ మలుపు తర్వాత ఏముందో పటం గీసుకోవద్దు. హీరో ఎడమకు తిరిగి గండికోటలో తేలితే తేలనివ్వండి. ఆకాశంలో రెండు సూర్యుళ్లను పెట్టండి, మనిషికి నీడ మాత్రం ఒకటే గీయండి. మే నెలలో బస్టాండులో వేపచెట్టు నీడ జరిగే కొద్దీ తానూ జరుగుతూ కూర్చునే మనవాళ్లకు నీడల సంగతి ఏం తెలుస్తుంది?

నీళ్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సీమవాడు గ్రహాన్ని ఊహిస్తే అది ఎండిపోయే ఉంటుంది, అందులో తప్పులేదు. మొదటి భాగంలో ఒక్క బిందె నీళ్ల కోసం రెండు తెగలు నరుక్కోవాలి. మూడో భాగంలో హీరోయిన్ చలువరాతి తొట్టెలో స్నానం చేస్తూ పాట పాడాలి. ఆ నీళ్లెక్కడివని ఎవరడుగుతారు? సుంకేసుల నుంచి కడప దాకా కె.సి. కాలువకు నీళ్లు ఏ తేదీన వదిలారో, ఏ తేదీన కట్టేశారో నోటికి చెప్పే రైతు అడుగుతాడా? అప్పుచేసి బోరు మీద బోరు వేయించి దుమ్ము తప్ప ఏమీ చూడనివాడు అడుగుతాడా? ఒకవేళ ఆ వెనక వరసలోంచి ఎవరైనా ‘ఆ నీళ్లు యాడియప్పా?’ అంటే, ఆమె దగ్గర వరుణస్ఫటికం ఉందని చెప్పండి. ‘అది ఉండంగ మొదట్లో బిందె కోసం ఎందుకు సచ్చిరి?’ అని మళ్లీ అడిగితే పాట ఎలా ఉందో చెప్పమని మాట మార్చండి.

పొరపాటున కూడా ఆ కొరతను మొదటి నుంచి చివరిదాకా పట్టుకోకండి. పట్టుకుంటే ఏమవుతుందో నేను చెబుతాను. ఆ గ్రహంలో గిన్నెలు ఇసుకతో తోముతారా, పెళ్లికూతురికి మంగళస్నానం ఎట్లా, శవాన్ని దేనితో కడుగుతారు అని ఆలోచించాల్సి వస్తుంది. తూము తాళంచెవి ఎవరి మొలలో ఉంది, పై ఊరివాడు రాత్రి ఎన్ని గంటలకు గండి కొడతాడు, చివరి పొలానికి నీరెందుకు చేరదు అని పాత్రలు వాటంతటవే మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. ఇక మీ మెరుపుకత్తులకు చోటెక్కడ? చూసేవాడు కత్తి సంగతి మరిచి తూము దగ్గర కాపు కాస్తున్న ముసలాయన ఏమవుతాడోనని కూర్చుంటాడు. ఇంత నష్టం తెచ్చుకోవద్దు.

భాష విషయంలో తెలుగు సినిమా మీకు బంగారుబాట వేసి పెట్టింది. హీరో ఏ పాలపుంతలో పుట్టినా గుంటూరు, కృష్ణా పత్రికల భాషే మాట్లాడాలి. సీమ మాట ప్రతినాయకుడికి మాత్రమే. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడినప్పటి నుంచీ కర్నూలు, కడపల పేరు చెబితే తొడకొట్టుడు, బాంబులు, వరసగా పోయే సుమోలు. 2003లో ‘ఒక్కడు’ వచ్చేసరికి కొండారెడ్డి బురుజు కూడా ఆ పనిలో చేరింది. మీ సిరీస్‌లోనూ ఇరవై సుమోలు శనిగ్రహం చుట్టూ ఎగరాలి, గాలిలేని చోట ఎర్రదుమ్ము రేగాలి. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్క ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అనాలి, తమ్ముడు ‘యాడికి పోతాండావు’ అనాలి. ఎందుకంటే డబ్బింగు చెప్పినవాళ్లు వేరు. ఆదోని వైపు కన్నడం కలిసిన తెలుగు, కర్నూలు పాతూళ్లో ఉర్దూ కలిసిన తెలుగు, పులివెందుల యాస అన్నిటినీ కలిపి రుబ్బి ‘రాయలసీమ స్లాంగ్’ అని ఒక డబ్బాలో పోయండి. పదో భాగంలో ఒక అవ్వ పాత్ర ఉన్నట్టుండి గోదావరి యాసలో ‘ఆయ్’ అన్నా ఎవరూ పట్టించుకోరు. మన ఊళ్లలో ఫలానావాళ్లు మా ఇంటి పెళ్లికి రాలేదని ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకుంటారు, నిజమే. మీ సిరీస్ దగ్గరికొచ్చేసరికి అన్నీ మరిచిపోతారని గట్టిగా నమ్మండి.

జోస్యం లేని అంతరిక్ష కథ ఉండకూడదు. ఈ సరుకుకు మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం చెప్పింది బనగానపల్లెలో, సమాధి అయింది కడప జిల్లా కందిమల్లాయపల్లెలో. బనగానపల్లె పక్కనే యాగంటి. అక్కడి బసవన్న పెరుగుతున్నాడనీ, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడనీ నమ్మకం. ఒకప్పుడు విగ్రహం చుట్టూ ప్రదక్షిణం చేసేంత చోటుండేదని పెద్దవాళ్లు చెబుతారు. కథ చెప్పే పద్ధతిగా దీన్ని చూడండి, ఎంత చేతగానితనం! అందరి కళ్లముందే, తరతరాలుగా, కంటికి తెలియనంత నెమ్మదిగా పెరగడమేమిటి? తాత చూసిందానికీ మనవడు చూసిందానికీ తేడా వాళ్లే లెక్కగట్టుకుని జంకడమేమిటి? మీ సిరీస్‌లో నంది రెండో నిమిషానికే రంకె వేయాలి. ఐదో నిమిషంలో మళ్లీ వేయాలి. పేర్లు పడేటప్పుడు ఇంకోసారి.

ఇక కథ ఎక్కడైనా తెగితే అతుకు వేయడానికీ మనకు పాత అలవాటే ఉంది. ఏదైనా జరిగాక ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడు’ అంటాం. ఏ పద్యంలో చెప్పారని అడిగితే బిక్కమొహం వేస్తాం. అది ఆయన లోపం కాదు, వాడుకునేవాళ్ల సౌకర్యం. రెండో సీజన్‌లో అడ్డం తిరిగిందంతా మొదటి సీజన్‌లోనే చెప్పామనండి, ఎక్కడ చెప్పారో మాత్రం చూపించకండి.

దీనికి తోడు ‘ఇంతవరకు జరిగిన కథ’ అనే పనిముట్టు ఉంది. కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డి 1947 జులైలో మొదలుపెట్టిన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు నెలనెలా వచ్చేవి. పాత కథను నాలుగు ముక్కల్లో గుర్తుచేసి మరీ ముందుకు సాగేవి. పాపం, అందులో నిజంగా జరిగిందే ఉండేది. మీరు అక్కడ జరగనిది కలపండి.

నిమ్మలకుంటలాంటి ఊళ్ల తోలుబొమ్మలాటను ఎవరైనా మీకు ఉదాహరణగా చూపిస్తే చెవులు మూసుకోండి. అనంతపురం వైపుది, మనది కాదనండి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటలో కేతిగాడు, బంగారక్క తెరమీదికొచ్చి రామాయణం నడుమ నేటి ఊరి ముచ్చట్లు, మోటు సరసాలు ఆడతారు, ఒక్కరూ నొచ్చుకోరు. ఎందుకంటే వాళ్లు కథకు బయటివాళ్లని తెల్లవారుదాకా కూర్చునే జనానికి తెలుసు. రాముడు మాత్రం ఎప్పుడూ ఉల్లిగడ్డల ధర ఎత్తడు. ఈ కట్టుబాటు మీకు వద్దు, చక్రవర్తితో కూడా ఇన్‌స్టా రీల్స్ గురించి జోకులు వేయించండి.

ఇన్ని పాటించాక మిగిలే ప్రమాదం ఒక్కటే, ఎనిమిదేళ్ల పిల్లలు. పెద్దవాడు ఒక భాగాన్ని ఒకసారి చూసి నిద్రపోతాడు. ఆ వయసువాళ్లు నచ్చినదాన్ని అన్నంతో, అన్నం లేకుండా, అమ్మ ఫోన్ లాక్కునేదాకా మళ్లీ మళ్లీ చూస్తారు. దూరదర్శన్‌లో ‘హీ-మ్యాన్’ వచ్చిన రోజుల్లో దాన్ని తీసినవాళ్లు ఒకే పరుగు, ఒకే గుద్దు బొమ్మల్ని తిప్పి తిప్పి వాడినా చెల్లింది. వారానికి ఒక్కసారి వచ్చి పోయేది, వెనక్కి జరిపి చూసే వీలు లేదు. ఇప్పటి పిల్ల వేలితో ఆపి, మచ్చ ఏ చెంప మీదుందో చూసి, వెనక్కి జరిపి మళ్లీ చూసి, ‘అన్నా, ఇది తప్పు’ అంటుంది. కాబట్టి ప్రైమ్ వీడియోకూ జియోహాట్‌స్టార్‌కూ ఈ రోజే అర్జీ పెట్టుకోండి. ఆపే మీట, వెనక్కి జరిపే మీట రెండూ తీసేయమనండి. వాళ్లు తీసేదాకా మీ సిరీస్ విడుదల చేయకండి.