లింకన్ చేవ్రాలు: ఆంధ్ర టీకా తాత్పర్య సహితము

పాత ఫొటోల వ్యాపారులు వేసే జాబితాల్లో వాక్యాలు సూత్రగ్రంథాల కన్నా పొదుపుగా ఉంటాయి. కర్త ఉండడు, క్రియ ఉండదు, ఉన్న నాలుగు మాటల్లో సగం మొహమాటానికి వేసినవి. టీక లేకుండా వాటి జోలికి వెళ్లినవాడు చేతులు కాల్చుకుంటాడు. మచ్చుకొకటి కింద ఉంది. ఇది ఫలానా కొట్టుదని కాదు, అందరూ రాసే తీరే ఇది.

మూలము: లింకన్. కార్ట్ ద విజిత్, ఆల్బుమిన్. అడుగున సిరాతో స్వహస్త సంతకం. అంచులు స్వల్పంగా కత్తిరింపు. వెనక రెవెన్యూ స్టాంపు. పాత కుటుంబ సేకరణలోది. వెల విచారించగలరు.

టీకాకారుడు ముందుగా మల్లినాథసూరికి దండం పెడతాడు. మెదక్ సీమ కొలిచెలమ వంశంలో పుట్టి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య చెప్పిన ఆ మహానుభావుడు, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టులో రెండో సగం ఈ టీకాకారుడి వల్ల కాదు. మొదటి సగం మాత్రం ఈ సేకరణ వ్యసనానికి ఆయువుపట్టు.

“లింకన్” అనగా 1861 మార్చి నుంచి 1865 ఏప్రిల్ 15న కన్నుమూసేదాకా అమెరికా అధ్యక్షుడు. రెండో తేదీని పాఠకుడు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి, కింద పని పడుతుంది. ఇక ముఖం సంగతంటారా, అది చవక. 1860 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో మాథ్యూ బ్రాడీ తీసిన బొమ్మ కార్డుల మీదికెక్కి, పత్రికల్లో చెక్కుబొమ్మగా మారి దేశమంతా తిరిగింది. గడ్డం పెంచాక తీసినవీ అంతే.

“కార్ట్ ద విజిత్” అనగా రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న అట్ట మీద అంటించిన చిన్న ఫొటో. పారిస్‌లో డిస్డెరి అనే ఆయన 1854లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒకే గాజుపలక మీద ఎనిమిది దాకా బొమ్మలు తీసి, ముద్రించి, కత్తిరించి పంచడమే ఆయన కిటుకు. దాంతో రాజుల ముఖాలూ, మంత్రుల ముఖాలూ బజారున పడ్డాయి. ఎవరి ఆల్బంలో చూసినా అవే ముఖాలు. అలాంటప్పుడు పదివేల కార్డుల్లో ఒకదాన్ని వేరుచేసి చూపేది ఏమిటి? కింద గీసిన ఆ రెండంగుళాల సిరా గీత. సేకర్త కొనేది దాన్ని, పైనున్న ముఖం దానికి చిరునామా మాత్రమే.

“ఆల్బుమిన్” అనగా కోడిగుడ్డు తెల్లసొన. కాగితానికి దాన్ని పూసి వెండి లవణాల్లో ముంచితే బొమ్మ నిలుస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఇలాంటి కాగితం చేసే కర్మాగారం ఒకటి 1888 నాటికి రోజుకు 60,000 గుడ్లు పగలగొట్టేదని లెక్క. మడి పాటించే ఇంట్లో లింకన్‌కు దేవుడి గదిలో చోటు దక్కదని దీనివల్ల గ్రహించవలెను.

“స్వహస్త” అనే మూడక్షరాల మీదే వ్యాపారమంతా నిలబడి ఉంది. తగువులు పుట్టేదీ ఇక్కడే.

శంక: పెద్దవాళ్లు తమ సంతకం తామే పెడతారు గదా, ఇందులో చెప్పడానికేముంది? సమాధానం: పెట్టరు. ప్రభుత్వ భూముల పట్టాల మీద అధ్యక్షుడి పేరును ఆయన తరఫున ఒక కార్యదర్శి రాయవచ్చని అమెరికాలో 1833లోనే చట్టం చేశారు. లింకన్ పేరున్న పట్టా అటక మీద దొరికిందని సంబరపడే వారసులు ఆ కిందే చిన్నగా ఉన్న కార్యదర్శి పేరు చదవరు. మన పాత దస్తావేజుల్లో చేవ్రాలు ఎవరిదో, దస్తూరి ఎవరిదో అడుగున విడివిడిగా రాసేవారు. ఫొటోలకు ఆ మర్యాద లేదు. అంతర్యుద్ధంలో దక్షిణాదికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ పేరును ఆయన భార్య వారీనా అచ్చు ఆయనలాగే రాసిపెట్టేది. ఎరిగిన సేకర్తలు అలాంటి సంతకం చివర చిన్న చుక్క ఉందా అని చూస్తారు, ఉంటే అది అమ్మగారి చెయ్యి. తరవాతి కాలంలో ఆ శ్రమా తప్పింది. కెనెడీ హయాంలో ఆటోపెన్ అనే యంత్రం ఎన్ని సంతకాలు చేసిందంటే, చార్లెస్ హామిల్టన్ అనే సంతకాల నిపుణుడు 1965లో దాని మీద ఒక పుస్తకమే వేశాడు. పట్టుకునే ఉపాయం తేలిక. రెండు సంతకాలను ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు చూపితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయా, అది మనిషి పని కాదు.

దీనికి ప్రత్యుదాహరణ గాంధీ. సంతకం అడిగినవారి దగ్గర అయిదు రూపాయలు వసూలు చేసి హరిజన నిధిలో వేసేవాడాయన. తన చేవ్రాలు విలువ తెలిసి, వెల కట్టి, రొక్కం పుచ్చుకుని మరీ స్వహస్తంతో పెట్టిన రాజకీయవేత్త మరొకరు టీకాకారుడికి తట్టడం లేదు.

“సిరాతో” అన్న పదాన్ని భూతద్దం కింద చదవాలి. ఆనాటి ఇనుప సిరా రాసిన కొన్నాళ్లకు నల్లబడి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. కలం గీత మీద గీత దాటిన చోట సిరా చిక్కబడుతుంది, ఒత్తి రాసిన చోట పాళీ రెండు కొసలూ విడి రెండు సన్న గాట్లు మిగులుతాయి. అచ్చుగుద్దిన నకలులో ఇవేవీ ఉండవు, ఒకటే రంగు, ఒకటే చదును. ఇంకో బోల్తా ఏమిటంటే, అట్ట మీద అందంగా కనిపించే పేరు ఒక్కోసారి ఫొటోలోని మనిషిది కాక ఫొటోగ్రాఫరుది అవుతుంది. హైదరాబాదు సంస్థాన ప్రముఖుల ఫొటోల కింద కనిపించే దీన్‌దయాళ్ పేరు అలాంటిదే. అయితే దాన్నీ కొట్టిపారెయ్యకూడదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు బిరుదిచ్చింది 1894లో. కాబట్టి అట్ట మీద “రాజా దీన్‌దయాళ్” అని ఉంటే ఆ అట్ట అంతకు ముందుది కాదు.

పాఠాంతరం: సంతకం “ఎ. లింకన్” అనీ, “అబ్రహాం లింకన్” అనీ రెండు విధాల కనబడుతుంది. నియామక పత్రాలు, ప్రకటనల వంటి సర్కారీ కాగితాల మీద నిండు పేరు, ఉత్తరాల మీదా ఫొటోల మీదా పొట్టి పేరు ఆయన అలవాటు. ఫొటో మీద నిండు పేరు చూసి మురిసిపోయేవాడు ఒక్క క్షణం ఆగడం మేలు.

“రెవెన్యూ స్టాంపు” ఈ మూలంలో అన్నిటికన్నా నిజాయితీ గల పదం. యుద్ధం ఖర్చుల కోసం అమెరికా ప్రభుత్వం 1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 దాకా అమ్మిన ప్రతి ఫొటో మీదా పన్ను వేసింది. పావు డాలరు లోపు బొమ్మకు రెండు సెంట్ల బిళ్ల. అంటే ఈ కార్డు మీద లింకన్ సంతకం చేసి ఉంటే ఆ 1864 సెప్టెంబరుకూ మరుసటి ఏడాది ఏప్రిల్‌కూ మధ్య ఏడెనిమిది నెలల్లోనే చేసి ఉండాలి. అట్ట మూలలు కూడా సాక్ష్యం చెబుతాయి. 1870 ప్రాంతం దాకా అవి పలకలా కోసుగా ఉండేవి, గుండ్రం మూలలు ఆ తరవాతి ఫ్యాషను. గుండ్రం మూలల కార్డు మీద లింకన్ చేవ్రాలుందంటే అది పరలోకం నుంచి వచ్చినదని అన్వయం చెప్పుకోవాలి.

“స్వల్పంగా కత్తిరింపు”: ఆల్బం అరల్లో దూరడానికి అంచులు కోయడం అప్పట్లో మామూలే. స్టూడియో పేరు అచ్చయిన ముక్కే పోయిందేమో చూసుకోవాలి. ఇంతకు మించి వ్యాఖ్య అనవసరం.

“పాత కుటుంబ సేకరణ” అనగా ఏ కుటుంబం? మూలకారుడు నోరు విప్పడు. ఇలాంటి చోట గుర్తుకు రావలసింది లూసీ స్పీడ్ ఫొటో. 1841లో పెళ్లి సంబంధం చెడి లింకన్ దిగులుతో ఉన్నప్పుడు లూయీవిల్‌లోని స్నేహితుడు జోషువా స్పీడ్ ఇంట్లో కొన్నాళ్లున్నాడు. ఆ స్నేహితుడి తల్లి లూసీ ఆయనకొక బైబిలు ఇచ్చింది. ఇరవై ఏళ్ల తరవాత, 1861 అక్టోబరు 3న, యుద్ధం మొదలై ఆరు నెలలు నిండకముందే, అధ్యక్షుడు తన ఫొటో మీద ఆవిడ పేరు రాసి, ఆ బైబిలు ముచ్చట కూడా రాసి, సంతకం చేసి పంపాడు. ఎవరికి, ఎందుకు, ఎప్పుడు అన్నీ ఆ అట్ట మీదే ఉన్నాయి, వేరే టీక అక్కర్లేదు. రెండో కొసన 1930లలో న్యూయార్క్‌లో పనిచేసిన జోసెఫ్ కోసీ ఉన్నాడు. లింకన్‌నూ ఫ్రాంక్లిన్‌నూ పాతకాగితం మీద అలవోకగా దించేసేవాడు. ఆయన చేసిన దొంగ సంతకాలకు ఇప్పుడు వేరే సేకర్తలున్నారు. వాళ్లు కూడా ఇది అసలు కోసీదేనా అని అడిగి మరీ కొంటారు.

తాత్పర్యము: ఎవరి ముత్తాత దగ్గరో ఉన్నదట, పేరు అడక్కండి. అంచు కోసేశారు, ఎందుకో మాకూ తెలియదు. సంతకం ఆయనదేనని మేం నమ్ముతున్నాం, మీరూ నమ్మితే డబ్బు కట్టండి.

“వెల విచారించగలరు” ఒక్కటి మిగిలింది. 1864 జూన్‌లో ఫిలడెల్ఫియాలో గాయపడ్డ సైనికుల సాయానికి పెద్ద సంత జరిగింది. బానిసల విముక్తి ప్రకటన అచ్చు ప్రతులు 48 లింకన్ స్వయంగా సంతకం చేసి అక్కడ అమ్మకానికి ఇచ్చాడు. ప్రతి ఒక్కింటికి పది డాలర్లు, అయినా అన్నీ అమ్ముడుపోలేదు. వాటిలో ఒకదాన్ని రాబర్ట్ కెనెడీ 1964లో 9,500 డాలర్లకు కొన్నాడు. 2010లో అదే ప్రతి వేలంలో 37 లక్షల డాలర్లు దాటింది. ఈ పదానికి టీకాకారుడు “స్పష్టము” అని రాసి కలం పక్కన పెట్టాడు.