తలుపు తాళముండె: ఒక ఆటవెలదికి సమగ్ర వ్యాఖ్య

మూలము:

సెలవునాడు వేగి సీమలోఁ దిరుగంగ
అన్నమింత మూట యరటిపండు
బస్సు లేని చోటఁ బాదాలె శరణంబు
తలుపు తాళముండె దైవలీల

అవతారిక: కవి పేరు తెలియదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్టు గుమస్తా అని సంప్రదాయం. వారమంతా కాటా పక్కన నిలబడి బస్తాలు రాసుకునే మనిషి. మార్కెట్టుకు సెలవొచ్చిన రోజున హాయిగా ఇంట్లో పడుకోక, తెల్లవారే పాసింజరెక్కి, భీమడోలు, పవర్‌పేట దాటి ఏలూరులో దిగి, పాత రాళ్ళూ రాగిరేకులూ చూసొస్తానని బయలుదేరాడు. ఇందులో ప్రధాన రసం వీరమని కొందరు, కరుణమని కొందరు. కవి భార్య మతంలో హాస్యం.

ప్రతిపదార్థం: సెలవునాడు = పని లేని దినమున (దుకాణం యజమాని లెక్కలో జీతం లేని దినమున అనియు); వేగి సీమలోన్ = వేంగీ దేశమునందు; తిరుగంగన్ = తిరుగుచుండగా; అన్నము ఇంత = ఇంత పులిహోర (ఇచట "ఇంత" అనునపుడు చేత్తో చూపవలెను); మూట = స్టీలు డబ్బాలో పెట్టి తువ్వాలుతో కట్టినది; అరటిపండు = చక్రకేళి. "కర్పూరము" అన్న అర్థం కూడా ఉంది గాని, మూడో పాదంలో వచ్చే నడకకు ఏది నిలుస్తుందో పెద్దలు తేల్చలేదు. తక్కినది స్పష్టం.

స్పష్టం అంటే వ్యాఖ్యాతకూ తెలియదని పూర్వపక్షి అంటాడు. అనుకోనీ.

విశేషములు. "వేగి సీమలోన్": పూర్వపక్షి శంక ఇది. ఆ వేంగి అంటే ఇప్పటి పెదవేగి, ఏలూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. పామాయిల్ తోటలున్నాయి, పాడిగేదెలున్నాయి. గోపురమేది, కోట బురుజేది? దీన్ని "సీమ" అని గొప్ప చేయడం అతిశయోక్తి కాదా?

కాదు. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీద ఓడిన దక్షిణాది రాజుల పట్టీలో వేంగి హస్తివర్మ ఉన్నాడు. అతడు శాలంకాయన వంశస్థుడు. పక్కనున్న దెందులూరే విష్ణుకుండినుల లెందులూరు అంటారు చరిత్రకారులు. 624లో కుబ్జ విష్ణువర్ధనుడు తూర్పు చాళుక్య రాజ్యం మొదలుపెట్టింది ఈ వేంగిలోనే. రాజమహేంద్రవరం ఆ తర్వాతి మాట. ఆ శతాబ్దంలోనే హ్యూయెన్ త్సాంగ్ వచ్చి ఈ నగరం పేరు తన భాషలో రాసుకుపోయాడు. ఇన్ని వంశాలు ఏలిన చోట నేల మీద నిలిచింది అతి స్వల్పం. 1980లలో పురావస్తు శాఖ దిబ్బలు తవ్వితే ఇటుకలు పలికాయి. మిగతాదంతా రాగిరేకులే చెప్పాయి.

రాగిరేకులంటే ఏవో కావ్యాలనుకునేరు. అన్నీ పొలం దస్తావేజులు. పైన రాజుగారి బిరుదులు, కింద ఊరి పేరు, సరిహద్దులు, పన్నుల మినహాయింపు, ఆఖర్న ఈ భూమి కాజేసినవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పడుంటాడన్న శాపం. తర్వాతి కాలపు దస్తావేజుల్లోంచి ఈ చివరి వాక్యం ఎందుకు తీసేశారో గాని, కోర్టులకు పని పెరిగింది. ఆంధ్రుల తొలినాటి చరిత్రను చదవడమంటే చాలామటుకు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు బీరువా తెరవడమే. కవి బస్తాల పద్దు రాసే మనిషి గనుక ఇది అతనికి చప్పున తెలిసిపోతుంది. నాబోటి పండితులకు ఆలస్యం.

ఇందులో మరో చమత్కారముంది. శాలంకాయన విజయనందివర్మ వేంగీపురం నుంచి ఇచ్చిన శాసనం ఒకటి, ఒక గ్రామాన్ని నూటికి పైబడిన బ్రాహ్మణులకు ధారపోసినది, కొల్లేట్లో దొరికింది. అది సర్ వాల్టర్ ఇలియట్ చేతికి చేరింది. 1845లో అమరావతి స్తూపం తవ్వి శిల్పాలను మద్రాసుకు పంపిన దొర ఆయనే. వాటిలో చాలా భాగం చివరికి లండన్‌లో తేలింది. సరే, ఇప్పుడు విషయం: పొలం కాగితం సరస్సు అడుగున దొరకడమేమిటి?

కొల్లేరు సంగతి తెలిసినవాడికి ఇందులో ఆశ్చర్యం లేదు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోయే ఈ సరస్సు వానల్లో నీళ్ళు, ఎండల్లో నేల. అంచేత దాని హద్దు ఎవరి మాట ప్రకారం వారిది. 1999లో నూట ఇరవై నంబరు జీవో అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అంది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. మూడో కాంటూరుకు దించమని అడిగేవాళ్ళు, లోపల జిరాయితీ పట్టాలున్నవాళ్ళు, చేపల వల తప్ప ఏ కాగితమూ లేనివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. కుబ్జ విష్ణువర్ధనుడి అన్న పులకేశి అయిహోళె శాసనంలో (634) కునాల జలాలు నెత్తురుతో ఎర్రబారాయని ఉంది. ఆ కునాల మన కొల్లేరేనని పండితుల మాట. హద్దుల గొడవకు వయసు కావాలంటే ఇదిగో.

"పాదాలె శరణంబు": ఇది ధ్వని. కవి నడిచింది కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం గుట్టకు, అంటే గుంటుపల్లి బౌద్ధ గుహలకు. బౌద్ధుల చోట శరణమనే మాట ఊరికే పడలేదని గ్రహించాలి. (బస్సు తప్పిపోయిందని అప్పటికి బాధపడే ఉంటాడు. అది వేరే ధ్వని.) అక్కడ కొండను తొలిచిన గుండ్రటి చైత్యగృహం కప్పులో దూలాలూ వాసాలూ ఉన్నాయి, అన్నీ రాతివే. కొయ్యపని తప్ప ఎరగని వడ్రంగి మొదటిసారి ఉలితో రాతి మీదకొచ్చాడన్నట్టుంటుంది. దీనికి చుట్టం బీహారులో బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ. లోపలి స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడన్నారు. బౌద్ధం పోయాక కూడా పూజ ఆగలేదు, పేరు మారింది. అద్దాల పెట్టెలో పెట్టి చీటీ అంటించిన ఏ విగ్రహానికీ ఈ యోగం లేదు.

ఆ గుట్ట మీదే మండప స్తంభాల శాసనం. కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహన వంశపు సిరిసదుడి లేఖకుడు చూళగోముడు ఈ మండపం దానం చేశాడు అని. లేఖకుడంటే రాతకోతల ఉద్యోగి. రాజు పేరు చరిత్రకారులకు పనికొచ్చింది. మన కవి మాత్రం గుమస్తా పేరు దగ్గరే నిలబడిపోయాడట. రెండు వేల ఏళ్ళ నాటి సాటి ఉద్యోగి మండపం కట్టించాడు, తన వల్ల ఆటవెలది మాత్రమే అయింది. జీతాల్లో తేడా ఉండే ఉంటుంది.

"తలుపు తాళముండె": తలుపునకు తాళముండె అని అన్వయం. ఇక్కడ షష్ఠీ విభక్తి లోపించింది. తాళంచెవి కూడా. ఏ ఊరి తలుపు, ఏ మ్యూజియం తలుపు అని కవి చెప్పలేదు గనుక వ్యాఖ్యాతా చెప్పడు. అక్కణ్ణుంచి కైకలూరు బస్సెక్కి ఆటపాకలో గూడబాతులను చూసి, మిగిలిన అరటిపండు తిని, చీకటిపడ్డాక తాడేపల్లిగూడెం చేరాడని భార్య సాక్ష్యం. పద్యంలో చోటు చాలలేదు.

"దైవలీల": ఇక్కడ పాఠాంతరముంది. "తలుపు తాళముండె శుక్రవార" అని ఒక ప్రతిలో ఉంది. లోకంలో చాలా మ్యూజియాలకు శుక్రవారమో సోమవారమో సెలవు గనుక అర్థానికి ఇదే సరైన పాఠం. గణాలూ సరిపోతాయి. కాని తకారానికి శుకారం యతి చెల్లదు. ఆ ఒక్క యతి కోసం నేరం దేవుడి మీదకు పోయింది. పోనీ సోమవార అందామా? చెల్లదు. ఆది, మంగళ, బుధ, గురు ఏదీ చెల్లదు. ప్రాసయతికి దిగినా ద్వితీయాక్షరం లకారమైన వారమే లేదు. శనివారాన్ని స్థిరవారం చేసి థకారం సంపాదిద్దామంటే, గణం మాట అటుంచి, ఇకారం అడ్డు. కనుక ఛందశ్శాస్త్రం ప్రకారం ఆ మ్యూజియం వారంలో ఏ రోజూ మూసి ఉండటానికి వీల్లేదు.