వంగరా... నిలబడరా!

వేసవి సెలవుల్లో కుటుంబమంతా వాటర్ పార్కుకు వెళ్లాలంటే ముందు వాట్సాప్‌లో అఖిలపక్ష సమావేశం జరగాలి. అత్తయ్యకు ఏకాదశి, బావకు ఆడిట్, చిన్నాడికి ఐఐటీ ఫౌండేషన్ క్లాసు. చర్చోపచర్చల తర్వాత అందరికీ కుదిరేది ఆదివారమే. హైదరాబాద్ మొత్తానికీ కుదిరేది అదే!

ఇక కౌంటర్ దగ్గర అసలు వినోదం. పిల్లల టికెట్‌కు వయసు కాదు, ఎత్తు లెక్క. ఏడాదంతా కాంప్లాన్ పట్టించిన తండ్రే అక్కడ "కాస్త వంగరా నాన్నా" అని బతిమాలతాడు. లోపల రోలర్‌కోస్టర్ దగ్గర మళ్లీ కొలత. ఈసారి "నిటారుగా నిలబడి చావు" అని గదమాయింపు. వెన్నెముకకు ఇంత సాగుడు గుణం రాజకీయాల్లో తప్ప ఎక్కడా కనపడదు.

సర్కారు వారి సరదా వేరు. 2017లో రంగులరాట్నాన్ని కూడా సిగరెట్లు, పాన్ మసాలాల సరసన 28 శాతం జీఎస్టీలో కూర్చోబెట్టారు. పసిపిల్లల వ్యసనాలను అరికట్టాలనుకున్నారేమో! 2018 జనవరిలో దయతలచి 18కి దించారు.

బయటి తిండికి ప్రవేశం లేదు కాబట్టి అమ్మమ్మ తెల్లారుజామున కలిపిన పులిహోర గేటు దగ్గరే అరెస్టు. లోపల సమోసా ధర చూశాక ఏ రైడూ భయపెట్టదు.

ఇంతకీ తాతయ్య ఏ రైడూ ఎక్కలేదు. పొద్దుటి నుంచీ చెట్టు కింద సంచులకూ చెప్పులకూ కాపలా. చెప్పుల స్టాండు వాడైతే జతకింతని వసూలు చేస్తాడు. ఈయన టికెట్ కొని, జీఎస్టీ కట్టి మరీ డ్యూటీ చేశాడు!