మొహం కావాలి, నోరొద్దు

ఉయ్యూరు సెంటర్లో బస్సు దిగితే ముందు పలకరించేది పదో తరగతి పిల్లలే, ఫ్లెక్సీల మీద. పేరు, మార్కులు, హాల్‌టికెట్ నంబరు, వాళ్ళందరి మొహాల కంటే పెద్దగా కరస్పాండెంటు గారి చిరునవ్వు. అవే బొమ్మలు ఆటోల వెనక, ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం అంటోంది. దానికేం, అడ్మిషన్ ఫారం మీద మనం చదవకుండా సంతకం పెట్టే ఉంటాం.

జూన్ రాగానే అదే బడి ఆఫీసు నుంచి పేరెంట్స్ గ్రూపులోకి సర్క్యులర్ దిగుతుంది: సోషల్ మీడియాలో సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగిస్తే టీసీ చేతికిస్తాం. సాంబారులో పురుగొస్తే ప్రతిష్ఠకేమీ కాదు. ఆ పురుగు ఇన్‌స్టాగ్రామ్‌లోకి వస్తేనే భంగం. కరస్పాండెంటు గారి పుట్టినరోజు రీలు మాత్రం ఎంతమందికి పంపినా అభ్యంతరం లేదు. పంపకపోతేనే క్లాస్ టీచరు ఫోన్ చేస్తుంది.

“ప్రతిష్ఠకు భంగం” లాంటి ఎటైనా సాగే మాటలతోనే ఐటీ చట్టంలో 66ఎ అని ఒక సెక్షన్ ఉండేది. ఆన్‌లైన్‌లో చిరాకు తెప్పించినా నేరమే. శ్రేయా సింఘాల్ అనే అమ్మాయి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టేసింది. పార్లమెంటు చేసిన చట్టానికే చెల్లని మాట మన బడి లెటర్‌హెడ్ మీద దర్జాగా చెల్లుతోంది.

అమెరికాలో చీర్‌లీడింగ్ పెద్ద జట్టులో చోటు దక్కని ఒక పిల్ల, సెలవు రోజున, బడి ఆవరణ బయటినుంచి స్నాప్‌చాట్‌లో బడిని బూతులు తిట్టింది. ఏడాదిపాటు చిన్న జట్టులోంచీ తీసేశారు. 2021లో అక్కడి సుప్రీంకోర్టు 8–1తో పిల్ల పక్షాన నిలిచింది. బడులు ప్రజాస్వామ్యానికి నారుమళ్ళని తీర్పులో జస్టిస్ బ్రేయర్ రాశారు. మనది చెరకు ఊరు. మన కరస్పాండెంట్లకు తెలిసింది గానుగే. రసం సంస్థకి, పిప్పి ఇంటికి.

అలాగని తోటి అమ్మాయి ఫోటో మార్ఫింగ్ చేసినవాణ్ణి వదిలేయమని ఎవరూ అనడం లేదు. అది నేరం, కేసు పెట్టాల్సిందే. కానీ ఆ ఫిర్యాదుతో తండ్రి వెళ్ళి చూడండి. “బయట జరిగినదానికి మాకేం సంబంధమండీ, మీ పాపనే కాస్త జాగ్రత్తగా ఉండమనండి” అంటారు. సాంబారు గురించి ఇంట్లో కూర్చుని రాస్తే మాత్రం ఆ ఇల్లు కూడా క్యాంపస్ లోపలికే వస్తుంది.

మన జిల్లాలోనే గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో 2024 ఆగస్టు చివర్లో, హాస్టల్ బాత్రూముల్లో రహస్య కెమెరాలున్నాయని అమ్మాయిలు అర్ధరాత్రి నినాదాలిచ్చారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. పోలీసులు వెతికి, కెమెరాలేవీ దొరకలేదన్నారు. సరే, వదంతే అనుకుందాం. భయపడ్డ పిల్ల పగటిపూట వెళ్ళి ఎవరికి చెప్పుకోవాలి అన్నది ప్రతి హాస్టలూ వేసుకోవాల్సిన ప్రశ్న. మన యాజమాన్యాలు నేర్చుకున్న పాఠం వేరు: ఫోన్లు లాక్కోండి.

చెప్పుకోవడానికి ఫిర్యాదుల పెట్టె ఉంది కదా అంటారు. నిజమే, ఆఫీసు గది పక్కనే ఉంది. తాళంచెవి కరస్పాండెంటు గారి జేబులో, సీసీ కెమెరా సరిగ్గా దాని నెత్తిన.