సియెర్వా కథ నాకు కంఠోపాఠం

ఏమీ తెలియక చేసిన తెలివితక్కువ పనికి ఒక సుఖం ఉంటుంది. తెలియక చేశానని చెప్పుకుని బయటపడొచ్చు. నాకు ఆ సుఖం కూడా మిగల్లేదు. నేను అన్నీ చదివి, చదివింది నలుగురికీ వినిపిస్తూ మరీ చేశాను.

సంగతి ఆటోజైరో గురించి. చూడ్డానికి హెలికాప్టర్‌లా నెత్తిమీద పొడవాటి బ్లేడ్లు ఉంటాయి గానీ వాటిని ఇంజను తిప్పదు. ముక్కు దగ్గరి పంకా బండిని ముందుకు లాగుతుంటే, ఎదురొచ్చే గాలే పైనున్న రోటర్‌ని తిప్పుతుంది. ఇంజను ఆగినా రోటర్ ఆగదు కాబట్టి బండి మెల్లగా దిగుతుంది. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా దీన్ని కనిపెట్టాడు. 1919లో తాను తయారుచేసిన మూడింజన్ల విమానం గాల్లో వేగం తగ్గి కూలిపోతే, వేగం తగ్గినా పడిపోనిది కావాలని పట్టుబట్టి దీనిదాకా వచ్చాడు.

రిమోట్‌తో ఎగిరే చిన్న ఆటోజైరో సొంతంగా చేసుకోవాలన్న కోరిక నాకు విమానాల మీద ప్రేమతో పుట్టిందని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. నేనుండేది లాలాపేటలో. పొద్దున్నే తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కి నడకకి వెళ్తాను. అక్కడ మైదానంలో కుర్రాళ్లు డ్రోన్లు పట్టుకుని కనిపిస్తారు. నా చేతిలో ఎవరూ చూడని వస్తువు ఉండాలనీ, నడిచేవాళ్లు ఆగి అడగాలనీ నా ఆశ. అసలు కారణం ఇంతే.

మొదటిసారి చేసేవాడు ఏది ఎంచుకోవాలో చదివిన ప్రతిచోటా ఒకే మాట ఉంది. ముందు మామూలు విమానం ఎగరేయడం నేర్చుకో. తర్వాత ఫోమ్‌తో చేసిన ఆటోజైరో తీసుకో. రోటర్‌ని మోసే కడ్డీ, అంటే మాస్ట్, కదలకుండా ఉండి, తోకలోని రడ్డరూ ఎలివేటరూ మాత్రమే పనిచేసేలా ఉంటే చేతికి తొందరగా అలవాటవుతుంది. బ్లేడ్లు నువ్వే చెక్కుకోగలిగేంత చవకవి అయ్యుండాలి, ఎందుకంటే అవి విరుగుతాయి. కట్టే ఓపిక లేకపోతే రెడీమేడ్ ఫోమ్ మోడళ్లున్నాయి.

ఇవన్నీ శ్రద్ధగా చదివి, సియెర్వా సీ-30 నమూనా ప్లాను ఎంచుకున్నాను. 1930ల నాటి ఆ విమానం అందం అలాంటిది. మూడు బ్లేడ్లు, ముక్కు దగ్గర చుట్టూ సిలిండర్లున్న ఇంజను, పక్క రెక్కలే లేవు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం రాడార్లు సరిచూసుకోవడానికి వాడింది వీటినే. పక్క రెక్కలు లేవు కాబట్టి పైలట్ రోటర్ తలనే అటూ ఇటూ వంచి నడపాలి. మొదటిసారి చేసేవాడికి అన్నిటికన్నా కష్టమైన ఏర్పాటు అదే. దానికి తోడు మూడు బ్లేడ్లనీ ఒకే బరువుకి, ఒకే కోణానికి తేవాలి. ఫోటో చూసినప్పుడు ఇవేవీ నాకు గుర్తు రాలేదు.

మోటారూ, రోటర్ తలని వంచే సర్వోలూ కోఠిలో గుజరాతీ గల్లీలో దొరికాయి. బ్లేడు ముందంచు రెండు మూడు డిగ్రీలు కిందికి వాలి ఉంటేనే గాలికి తిరగడం మొదలవుతుందని తెలిసి, ఆ కోణాలు ఓపిగ్గా సరిచేశాను. రోటర్ తల పట్టుకుని వేలాడదీస్తే ముక్కు కొద్దిగా కిందికి వాలాలని ప్లాన్‌లో ఉంటే, బాల్కనీ దండేనికి తగిలించి చూశాను. "ఏమండీ, అది ఎగరేసేదా, ఆరేసేదా?" అంది మా ఆవిడ.

ఇంతవరకూ బాగానే ఉంది. బ్లేడ్లు మూడూ వచ్చి చేరే మధ్య పలక దగ్గర నా బుద్ధి వంకర పోయింది. సర్క్యూట్ బోర్డులకి వాడే గ్లాస్ ఎపాక్సీ షీటు, మిల్లీమీటరు మందంలో కోయమంది ప్లాను. వేలితో నొక్కితే వంగింది. ఇంత పల్చటి ముక్క మీదా మొత్తం బరువు నిలిచేది? మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. 1893 నుంచీ నడుస్తున్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. అల్యూమినియంతో చేసిపెట్టమని అడిగాను. ఆయన కాగితం చూసి ఒక్కటే అడిగారు. "ఊగాల్నా, ఊగొద్దా?"

"అస్సలు ఊగొద్దన్నా. మూడు మిల్లీమీటర్లు ఉండనీయండి" అన్నాను. ఆయన చేతిపనికి వంక పెట్టలేం. కొంచెం కూడా ఊగలేదు.

మైదానంలో అది పరిగెత్తడం, ముందు చక్రాలు లేవడం, పక్కకి ఒరిగి బ్లేడ్లు నేలకి కొట్టుకోవడం మామూలైపోయింది. ఎప్పుడూ ఒకే పక్కకి, బ్లేడ్లు వెనక్కి మళ్లే వైపుకి. గాలిని తప్పుపట్టాను. సర్వోలు బలహీనమని ఖరీదైనవి కొన్నాను. అటు బేగంపేట విమానాశ్రయం, ఇటు హకీంపేట వైమానిక స్థావరం ఉన్న చోట ఏదైనా ఎగరేసే ముందు 2021 డ్రోన్ నియమాల ప్రకారం గగనతల మ్యాప్ చూడాలని అప్పటికి నేను పట్టించుకోనేలేదు. ఎగరలేదు కాబట్టి ఆ నేరం కూడా సగంలో ఆగింది.

ఒకరోజు గ్రూప్స్‌కి చదువుతున్న ఒక అబ్బాయి చేతిలో నోట్‌బుక్‌తో ఆగాడు. "సార్, దీన్ని ఎవరు కనిపెట్టిన్రు? బిట్ వస్తదేమో."

నేను ఎదురుచూసిన ఘడియ. మొత్తం చెప్పాను. సియెర్వా చేసిన చిన్న నమూనా చక్కగా ఎగిరింది. మనిషి కూర్చునే పెద్దవి మూడు మాత్రం పక్కకి ఒరిగి పాడయ్యాయి. కారణం ఏమిటి? బండి ముందుకి పోతున్నప్పుడు గాలికి ఎదురెళ్లే బ్లేడుకి లిఫ్ట్ ఎక్కువ, వెనక్కి మళ్లే బ్లేడుకి తక్కువ. బ్లేడ్లు గట్టిగా బిగించి ఉంటే ఆ తేడా బండినే పడదోస్తుంది. చిన్న నమూనాకి పేము బ్లేడ్లు. ఎక్కువ లిఫ్ట్ వచ్చిన బ్లేడు పైకి వంగి, తక్కువ వచ్చింది కిందికి జారి, తేడాని అవే సర్దేసుకున్నాయి. అది గ్రహించి పెద్దదానికి ప్రతి బ్లేడు మొదట్లోనూ మడతబందు పెట్టాడు. 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర గెటాఫెలో సీ-4 ఎగిరింది. 1936లో లండన్ క్రాయ్‌డన్ దగ్గర మామూలు ప్రయాణికుల విమానం కూలి సియెర్వా పోయాడని, అడక్కపోయినా కలిపాను.

అబ్బాయి అంతా రాసుకున్నాడు. వంగి నా రోటర్ మధ్యలో వేలు పెట్టి నొక్కాడు. "మరి మీ దాంట్ల మడతబందేది సార్? మొత్తం బిర్రుగనే ఉంది గద?"

"ఇది వేరే డిజైన్" అన్నాను.

పలక మందంగా చేయించడం కన్నా పెద్ద తెలివితక్కువతనం ఆ మాటే. అర్థం కాక అన్న మాట కాదది. వాడి వేలు పలక మీద ఆగిన క్షణంలోనే నాకంతా అర్థమైంది. వందేళ్ల కిందట ఒక మనిషి మూడు విమానాలు పాడుచేసుకుని కనుక్కున్న సంగతిని నేను కథగా దాచుకున్నాను. తేదీలు గుర్తున్నాయి, ఊరి పేరు గుర్తుంది. ప్లాన్ వేసినవాడు మడతబందుకి బదులే ఆ వంగే పలక పెట్టాడని మాత్రం తట్టలేదు. వంగకూడదని నేను డబ్బిచ్చి మరీ చేయించాను.

పల్చటి పలక పెట్టాక కూడా సీ-30 ఎగరలేదు. రెండో తప్పు మొదటిదాని వెనక దాక్కుంది. రోటర్ తగినంత వేగం అందుకోకముందే నేను థ్రాటిల్ ఇచ్చేస్తున్నాను. అప్పుడూ అదే పక్కకి పడుతుంది. అందుకే ఇంతకాలం రెండూ ఒకటే అనుకున్నాను. దాన్ని అలమరా పైకెక్కించి, స్టేషనరీ షాపులో సన్‌బోర్డు కొని, కదలని మాస్ట్‌తో పెట్టెలాంటి ఆటోజైరో కట్టాను. అంతకుముందు ఫోమ్ ట్రైనర్ విమానంతో చేయి అలవాటు చేసుకున్నాను. మ్యాప్‌లో పచ్చగా ఉన్న చోటు వెతికి, పొలం ఆసామిని అడిగి, జూన్ నెల పడమటి గాలికి ఎదురుగా ఆటోజైరోని పట్టుకుని నిలబడ్డాను. బ్లేడ్లు విడివిడిగా కనబడడం మానేసి జుమ్మనేదాకా ఆగి, అప్పుడు వదిలాను. ఎగిరింది. అది ఎగిరినప్పుడు చూసేవాళ్లు ఎవరూ లేరు. అందుకు నాకు కొంచెం బాధ కలిగిన మాట కూడా దాచను.

మొదటి ఆటోజైరో ఏది తీసుకోమంటారని ఎవరైనా అడిగితే, విరిగినప్పుడు మీకు ఏడుపు రానిది తీసుకోమంటాను. అందమైనది విరిగితే మనం కారణం వెతకం, నెపం వెతుకుతాం.

ఆ అబ్బాయి మళ్లీ కనబడలేదు. ఇది నీ కంట పడితే, బాబూ, నీ నోట్‌బుక్‌లో సియెర్వా గురించి నేను చెప్పింది అంతా సరైనదే. నాది వేరే డిజైన్ అన్నది మాత్రం కొట్టెయ్.